వదినగారి పేరు మీద జబ్బు

ఆ ఎండాకాలం కోనసీమలో కొబ్బరి బొండాలు దొరక్కుండా పోవడానికి కారణం ఎండలు కాదు. విజయకుమారి. ముమ్మిడివరం మొదలు అప్పనపల్లి దాకా ఏ చెట్టుకేసి చూసినా గెలలు బోసిగా కనపడ్డాయి. లారీలెక్కాల్సిన కాయలన్నీ బొండాల వయసులోనే ఆమె గొంతులోకి దిగిపోయాయి. అమలాపురంలో పెళ్లివాళ్లు గుమ్మానికి కట్టడానికి ఒక్క గెల దొరక్క ప్లాస్టిక్ గెలలు కట్టుకున్నారు.

సరే, కోనసీమ అంతా అంటే మరీ పెద్దమాటే. ఐ.పోలవరం వైపు చెట్ల జోలికి ఆమె పోలేదు. తాగినవి ఆమె పెరటి చెట్లవీ, వాళ్ల వదినగారి పెరటివీ, గోడవతల దానమ్మగారి చెట్టువీ. దానమ్మగారిని అడిగే కోశారని కొందరంటారు. దానమ్మగారు ఆ కొందరిలో లేరు.

విజయకుమారి రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తుంది. చెరువు పట్టిన రోజున రొయ్యల్ని సైజులవారీగా ఏరి, ఐసు మధ్య ట్రేల్లో సర్దడం ఆమె పని. గట్టు మీద ఆడవాళ్లు మరుగుకు వెళ్లే చోటు లేదు. నాలుగు వైపులా నీళ్లు, మధ్యన గట్టు, గట్టు మీద మగవాళ్లు. అందుకని ఆడవాళ్లంతా పొద్దున్న ఇంట్లో తాగిన టీతోనే సాయంత్రం దాకా నెట్టుకొస్తారు. చుట్టూ అన్ని నీళ్లున్నచోట గుక్కెడు నీళ్లు తాగని మనుషులు వీళ్లే. అలాంటి పనిలో కూడా విజయకుమారి ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఎవరేమన్నా ఓ చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటుంది. భర్త గంగబాబు వేట బోటు మీద వెళ్లి వారానికోసారి ఇల్లు చేరతాడు. అతనితోనూ ఆమెది అదే నవ్వు.

ఆ నవ్వు చూసే కాబోలు, కోలాటం గురువు తాతబ్బాయి ఈ ఏడు జడ కోలాటంలో మొదటి తాడు ఆమెకిచ్చాడు. జడ కోలాటమంటే ఆషామాషీ కాదు. నడిమి స్తంభం మీంచి రంగురంగుల తాళ్లు వేలాడుతుంటాయి. ఒక్కో మనిషి ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కోల పట్టుకుని, ఒకరు లోపలినుంచి, ఒకరు బయటినుంచి తిరుగుతూ ఆడతారు. కింద ఆట, పైన అల్లిక. చివరికి పైన నున్నటి జడ తయారవుతుంది. మళ్లీ వెనక్కి ఆడుతూ పోతే ఆ జడ పోగు పోగున విడిపోవాలి. మధ్యలో ఒక్క మనిషి తాడు వదిలి పక్కకెళ్లిందా, ఇక అది జడ కాదు, చిక్కుపడ్డ వల. అప్పనపల్లి స్వామి కల్యాణోత్సవాల్లో, అంత జనం ముందు, ఆ మొదటి తాడు పట్టుకోవాలని విజయకుమారికి ఏళ్ల తరబడి ఆశ. ఆ ఆశ కూడా ఎవరికీ చెప్పలేదు.

అంతకుముందు మొదటి తాడు ఆమె వదినగారిది. గంగబాబు అక్క రత్నమాల. పోయినేడు స్వామి ముందు ఆట ఆపి మరీ ఒకావిడను తిట్టిపోయడంతో గురువు ఆవిడను రెండో వరసకు మార్చాడు. ఆ సంగతి చెప్పినప్పుడు రత్నమాల "సరేలెండి" అంది. ఆవిడ నోట అంత చిన్న మాట వినడం అదే మొదలు కాబట్టి అందరికీ కొంచెం భయం వేసింది.

ఉత్సవాలు దగ్గరపడుతుండగా విజయకుమారికి మూత్రంలో మంట మొదలైంది. క్షణానికోసారి వెళ్లాలనిపిస్తుంది. వెళ్తే చెంచాడు రాదు. వచ్చిన ఆ చెంచాడూ మిరపకాయ రసం. ఇలాంటి ఒంటితో తాడు పట్టుకుని జడంతా అల్లి, అల్లిందంతా విప్పేదాకా నిలబడడం ఎలా? తప్పుకుంటే తాడు తిరిగి ఎవరి చేతికెళుతుందో తెలుసు. భర్తకు చెబితే అక్కకు చెప్పకుండా అన్నం తినడు. ఆలోచించి ఆలోచించి, ఒక సాయంత్రం బెంజమిన్ మాస్టారి వరండాకు వెళ్లింది.

మాస్టారు కాన్వెంటులో సైన్సు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రమైతే చెక్కపెట్టె తెరుచుకుని వరండాలో కూర్చుంటారు. పెట్టెనిండా చిన్న చిన్న సీసాలు, సీసాల్లో సగ్గుబియ్యం లాంటి తియ్యటి గోళీలు. హోమియోపతి. పైసా పుచ్చుకోరు. ఆయనకు చెవి తక్కువ కాబట్టి మాట ఎక్కువ. ఆయన మెల్లగా అన్నది వీధి మలుపు దాకా వినపడుతుంది.

ఆ వరండాకు ఒక మర్యాద ఉంది. అక్కడికి వచ్చే ఆడవాళ్లెవరికీ జబ్బులుండవు. చెల్లెలికి, తోడికోడలికి, పక్కింటావిడకి ఉంటాయి. చెల్లెలి పేరు చెప్పి, తమ బాధా తమ గుణాలూ చెప్పుకుని, మందు కొంగున కట్టుకుపోతారు. మాస్టారికి తెలుసు. తెలిసినట్టు కనపడరు. అందరి పరువూ నిలబడుతుంది.

"ఎవరికమ్మా?" అన్నారు మాస్టారు.

"మా వదినగారికండీ."

"ఏంటి బాధ?"

విజయకుమారి ముందుకు వంగి చెవిలో చెప్పింది.

"మూత్రంలో మంటా!" అన్నారు మాస్టారు. బల్ల మీద కూర్చున్నవాళ్లంతా తలలెత్తారు. వాళ్లలో దానమ్మ కూడా ఉంది. "ఇందులో సిగ్గుపడ్డానికేముందమ్మా? సరే, జబ్బు చెప్పేవు. ఇప్పుడు మనిషిని చెప్పు. మా దాంట్లో జబ్బుకి కాదు, మనిషికిస్తాం మందు. ఆవిడకి కోపం వస్తుందా?"

ఇక్కడే తప్పు జరిగింది. మర్యాద ప్రకారం విజయకుమారి తన గుణాలు చెప్పుకోవాలి. కానీ వదినగారి కోపం గురించి ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాపురానికొచ్చిన నాటినుంచి మింగినదంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది.

"వస్తుందా అంటారేంటండీ బాబూ! వచ్చింది పోతే కదండీ మళ్లీ రావడానికి!"

"ఓహో. ఎప్పుడెక్కువ?"

"పొద్దున్న కాఫీ పడేదాకా దేవుడొచ్చి పిలిచినా పలకరండీ. పులుసులో ఉప్పు తగ్గితే వీధి చివర్న ఉన్నవాళ్లకి కూడా తెలియాలండీ. తప్పు మనదైతే ఒక గొంతు, తనదైతే రెండు గొంతులండీ. నేను పెట్టిన ముగ్గు చెరిపి ఆవిడ ముగ్గేస్తారండీ, మా ఇంటి ముందు!"

"చలికి ఓర్చుకుంటారా?"

"పక్కింట్లో ఫ్యానేస్తే ఇక్కడ దుప్పటి కప్పుకుంటారండీ."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఆ మెత్తటి మనిషిని కొత్తగా చూశారు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. ఇన్నేళ్లుగా వీధిలో తలొంచుకుని పోయే ఈ అమ్మాయిలో ఇంత నిప్పుందా అనుకుని, కోపిష్టి మనుషులకిచ్చే 'నక్స్ వామికా' సీసా తీసి గోళీలు కట్టిచ్చారు.

"చేత్తో ముట్టుకోకూడదు. మూతలోకి వంచుకుని నాలిక మీద వేసుకోవాలి. కాఫీ బంద్. ఉల్లి, వెల్లుల్లి బంద్. నీళ్లు మాత్రం కడుపారా తాగాలి. జ్వరం వచ్చినా, నడుం పట్టినా, ఎర్రగా పడినా నా దగ్గరికి కాదు, తిన్నగా ఆసుపత్రికి. చెప్పు మీ... వదినగారికి."

"ఆయ్, చెప్తానండీ."

వరండా దిగేసరికి ఒళ్లు దూదిపింజలా తేలిపోయింది. ఆ తేలిక గోళీలు వేసుకోకముందే రావడం ఆమెకే ఆశ్చర్యం. కానీ గోళీలు వేసుకున్నాక మంట మాత్రం తగ్గలేదు. తగ్గుతుందా? అది రత్నమాలకు అతికినట్టు సరిపోయే మందు. రత్నమాలకేమో జబ్బు లేదు.

ఇక దానమ్మ. ఆవిడకు వరండా మర్యాద తెలియక కాదు. కానీ ఆ కాఫీ, ఆ పులుసు, ఆ రెండు గొంతులు విన్నాక అది రత్నమాల కాక మరెవరు? మర్నాడే బార్లీ జావ కాచి గిన్నెతో సహా రత్నమాల గుమ్మంలోకొచ్చింది.

"ఎవరికిది?" అంది రత్నమాల.

"నా దగ్గర దాపరికమెందుకమ్మా? ఆడపుట్టుక పుట్టేక ఇవన్నీ మామూలే. మంట తగ్గిందా?"

జావ సంగతి ఎలా ఉన్నా కబురు ఊరంతా కారింది. తాతబ్బాయి ఆడవాళ్ల జబ్బుల గురించి మాట్లాడలేక, నేలచూపులు చూస్తూ, రత్నమాల చేతిలో తాడు తీసుకుని తాళాలు పెట్టాడు. "ఈ ఏటికి కూర్చుని తాళం వెయ్యండమ్మా. మధ్యలో లేవాల్సొచ్చినా ఇబ్బందుండదు." రెండో వరస తాడు కూడా పోయింది. ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో దానమ్మ నోట రాబట్టడానికి రత్నమాలకు ఒక్క గొంతే చాలింది.

ఆ సాయంత్రమే ఆవిడ మాస్టారి వరండా ఎక్కింది. రెండో విడత మందుకోసం వచ్చిన విజయకుమారి అప్పటికే బల్ల చివర ఉంది. అంత ఉక్కలోనూ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. వదినగారిని చూడగానే లేచి నిలబడింది.

"మాస్టారండీ, నా గురించి ఈ అమ్మాయి ఏం చెప్పిందో నాకు తెలియాలండీ."

"నువ్వెవరమ్మా?"

"నేనేనండీ వదిన్ని!"

మాస్టారు నోరు తెరిచారు. ఆయన వైద్యం మొదలుపెట్టాక, చెప్పిన చుట్టం నిజంగా నడిచిరావడం అదే మొదటిసారి. "అంటే... నిజంగానే ఉన్నావన్నమాట!" అన్నారు. ఆ సంబరంలో కాఫీ దగ్గర్నుంచి ముగ్గు దాకా విన్నదంతా వీధి మలుపు వరకు వినపడేలా అప్పజెప్పారు.

విజయకుమారి కొంగు ఇంకా దగ్గరగా లాక్కుంది. అయిపోయింది. తాడు పోయినట్టే. ఇంట్లో మొహం చూపించే దారి కూడా పోయినట్టే.

రత్నమాల మొహం ఎర్రబడింది. మరదలి వైపు తిరిగింది. తిరిగి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచేసింది. మోకాళ్లు దగ్గరగా బిగించి, ఎండిన పెదాలతో, చిన్నగా వణుకుతూ నిలబడ్డ మనిషి. మీద కొంగు, మే నెల. ఆవిడకు క్షణంలో అర్థమైంది. ఇటు మరదలు, అటు చెవులు రిక్కించిన బల్ల, బల్ల మధ్యలో దానమ్మ.

రత్నమాల స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆయ్. జబ్బు నాదేనండీ. అయితే ఈ పిల్ల గుణాలు తప్పు చెప్పింది. అందుకే మందు పట్టలేదు. నా గుణాలు నేను చెప్తాను, వినండి."

"చెప్పమ్మా, చెప్పు."

"నాకు కోపం వస్తే నవ్వుతానండీ. నవ్వేసి లోపలికెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోముతాను. ఆ చప్పుడు ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. ఎందుకని ఒక్కరూ అడగరు. పులస చేప వండినా, చిన్న కట్టి పరిగెలు వండినా, ఏ ముక్క ఇష్టమే అంటే మిగిలిన ముక్క అంటాను. పనికెళ్తే పొద్దస్తమానం చుక్క నీళ్లు తాగను. గట్టు మీద చాటు కట్టించండని ఓనర్ని అడగడానికి మొహమాటం. ఎవరైనా నా ముగ్గు చెరిపితే చూసి ఊరుకుంటాను. నిజానికి వాళ్ల ముగ్గుకన్నా నాదే బాగుంటుంది. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే చెరుపుతారు."

విజయకుమారి వింటోంది. ఎవరో తన ట్రంకుపెట్టె నడివీధిలో తెరిచి ఒక్కో చీరా దులిపి ఆరేస్తున్నట్టుంది. సిగ్గేసింది. చిత్రంగా హాయిగానూ ఉంది. ఈవిడ తనను ఇంత చూసిందా? ఎప్పుడు చూసింది?

"స్టాఫిసాగ్రియా!" అన్నారు మాస్టారు లాటరీ తగిలినట్టు. "మింగిన కోపానికి ఇదమ్మా మందు! ముందే ఇలా చెప్పాలి కదా. ఒంట్లో వెచ్చగా ఏమన్నా ఉందా?"

రత్నమాల బల్లకి కనపడకుండా చెయ్యి చాచి విజయకుమారి మెడ మీద వేసింది. "ఉందండీ. నాకే."

మాస్టారు ఆ చేతిని చూశారు. ఎప్పట్లాగే ఏమీ తెలియనట్టు ఊరుకున్నారు. కానీ చెక్కపెట్టె మూసేశారు. "అయితే ఇప్పుడు గోళీలు కాదు. ఆసుపత్రి. మూత్రం పరీక్ష చేయించి, వాళ్లిచ్చే మాత్రలు చెప్పినన్నాళ్లూ వాడాలి. మధ్యలో మానకూడదు. నా మందు తర్వాత చూద్దాం. ఇంకోటి, నీకు కాఫీ బంద్."

"నాకాండీ?" రత్నమాల గొంతు మొదటిసారి సన్నబడింది.

"జబ్బు నీదేగా!"

దానమ్మ బల్ల మీంచి తలాడించింది, నేను చూస్తూ ఉంటానన్నట్టు.

ఇద్దరూ ఆసుపత్రికి ఆటో ఎక్కారు.

"రెండు గొంతులన్నావా నన్ను?" అంది రత్నమాల.

"తప్పైపోయిందండీ వదినగారూ."

"పోనీ, మూడన్నావు కాదు." మరదలి వైపు తిరిగి, "ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా భరించేవే బాబూ? నన్నయినా, ఆ మంటనయినా?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ "పేషెంటెవరు?" అని అడిగితే విజయకుమారి వదినను చూపించింది. రత్నమాల మరదలిని చూపించింది. "ఇక్కడ దానమ్మ లేదు, నిజం చెప్పి చావవే" అని రత్నమాల డొక్కలో పొడిస్తే అప్పుడు విజయకుమారి, కాపురానికొచ్చాక మొదటిసారి, తన జబ్బు తనదని ఒప్పుకుంది. పరీక్షలో ఇన్ఫెక్షన్ తేలింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, నీళ్లు తాగనందుకు నాలుగు చివాట్లు పెట్టింది.

అక్కడినుంచి మొదలైంది బొండాల భాగోతం. రత్నమాల కాయలు దింపే మనిషిని చెట్టెక్కించి తను కింద నిలబడేది. కత్తి చప్పుడైతే విజయకుమారి పారిపోయేది. "తాగు." "ఇప్పుడే తాగేనండీ." "అది పొద్దుటిది. ఇది మధ్యాహ్నానిది." ఎక్కడికి పోయినా వెనకాలే ఒక బొండాం, దాని వెనక రత్నమాల. చెరువు ఓనరు సాయిబాబు దగ్గరికి కూడా ఆవిడే వెళ్లింది. ఏ గొంతు వాడిందో తెలియదు గానీ, గట్టు చివర కొబ్బరాకుల దడి కట్టి, తలుపు పెట్టి, పంపు వేశారు. గట్టు మీద ఆడవాళ్లు నీళ్ల సీసాలు తెచ్చుకోవడం మొదలైంది.

మంట తగ్గింది. డాక్టరమ్మ మాత్రలతో తగ్గిందని ఆసుపత్రి వాళ్లంటారు. తర్వాత వేసిన స్టాఫిసాగ్రియాతో వేళ్లతో సహా పోయిందని మాస్టారంటారు. బొండాలతోనే అంటుంది రత్నమాల. దడితో, అంటారు గట్టు మీద ఆడవాళ్లు.

అంతా బాగానే ఉంది, ఒక్క రత్నమాల తప్ప. ఊరి దృష్టిలో ఇంకా జబ్బు ఆవిడదే. కోలాటం సాధనలో పక్కన కూర్చుని తాళం వేస్తోంది. కాఫీ లేక నుదుటికి గుడ్డ కట్టుకుంది. ఎవరైనా గ్లాసు అందించబోతే దానమ్మ మధ్యలో అడ్డం పడి "పథ్యం, పథ్యం!" అంటోంది. రత్నమాల పళ్లు కొరుక్కుంటోంది, నిజం మాత్రం చెప్పడం లేదు.

విజయకుమారి చేతిలో మొదటి తాడుంది. ఒంట్లో బాధ లేదు. ఇన్నేళ్లుగా కోరుకున్నది ఇదే. తాళం చప్పుడు వినపడినప్పుడల్లా అడుగు తడబడుతోంది. రత్నమాల ఆ తాళాన్ని, తోమిన గిన్నెను మళ్లీ తోముతున్నట్టు వేస్తోంది.

విజయకుమారి ఆగింది. తాడు వదిలేసింది. పైన అల్లిక అంతా చిక్కుపడిపోయింది.

"గురువుగారండీ! ఆ జబ్బు మా వదినగారిది కాదండీ. నాదండీ. నాకే మూత్రంలో మంట. ఆవిడ నాకోసం తన మీద వేసుకున్నారు. ఆవిడకి తాడివ్వకపోతే ఇదిగోండి, ఇది కూడా నాకొద్దు!"

ఆ గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే తాళం ఆగిపోయింది. తాతబ్బాయి గోడ పట్టుకున్నాడు. అందరూ రత్నమాల వైపు చూశారు. ఆవిడ నుదుటి గుడ్డ విప్పి నేలకేసి కొట్టింది.

"ముందెవరైనా కాఫీ పెట్టండర్రా!"

నవ్వులు తెరలు తెరలుగా లేచాయి. ఆ నవ్వుల్లోంచే ఒకావిడ, "పోయినేడు మా చెల్లికన్నాను చూశారూ, అది నాకేనండీ" అంది. ఇంకొకావిడ, "మా తోడికోడలికి ఏ రోగం లేదమ్మా, రాయిలా ఉంటుంది" అంది. చూస్తుండగానే ఊళ్లో చెల్లెళ్లకీ తోడికోడళ్లకీ ఉన్న జబ్బులన్నీ నయమైపోయాయి. చివరికి దానమ్మ కూడా గొంతు సవరించుకుంది. తాతబ్బాయి చెవులు మూసుకుని, "అమ్మా, నేను వీధిలో ఉంటాను, మీరు పూర్తయ్యేక పిలవండి" అని బయటికి పరిగెత్తాడు.

అప్పనపల్లిలో మొదటి తాడు విజయకుమారిదే. దానికెదురు తాడు రత్నమాలది. వైనతేయ నది మీంచి గాలి కొడుతోంది. ఆకుపచ్చ చీరలు, ఎర్ర అంచులు, కోలల చప్పుడు. పైన జడ అల్లుకుంటూ వచ్చింది, నున్నగా, రంగురంగుల త్రాచులా. విప్పేటప్పుడు ఒకావిడ లోపలికి తిరగాల్సింది బయటికి తిరిగింది. రత్నమాల నోరు తెరిచే లోపలే "లోపలికమ్మా, లోపలికి!" అని అరుపు వినపడింది. అరిచింది విజయకుమారి. రత్నమాల తెల్లబోయి, ఓ చిన్న నవ్వు నవ్వి, తన అడుగు తను వేసింది. తాళ్లు పోగు పోగున విడిపోయి గాలిలో ఎగిరాయి. జనం ఈలలు వేశారు.

ఈ కథ నిజమా అని విజయకుమారిని చెరువు గట్టు మీదే అడగొచ్చు. ట్రే లోంచి తలెత్తకుండా చెబుతుంది.

"ఎవరండీ మీకు చెప్పింది? ఒక్క ముక్క నిజం కాదండీ. నాకు జన్మలో ఏ జబ్బూ రాలేదు. హోమియోపతి అంటే ఏంటో కూడా తెలీదండీ నాకు. మా వదినగారు నోరెత్తి ఒక మాట అనే మనిషి కాదు. కోలాటమంటారా, మా ఇంటా వంటా లేదండీ."